ఐమూల కొలిచిన సారు

మా లెక్కల సారును పూడ్చడానికి తవ్విన గుంతలో పెట్టె దిగలేదు.

పామిడి దగ్గర పెన్న ఒడ్డున సమాధుల తోట. ఒడ్డు అన్నానని నీళ్ళు ఊహించుకోకండి, అక్కడ ఉన్నది ఇసుకే. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. నలుగురు మనుషులు మోకులు పట్టుకుని పెట్టెను గుంత మీదికి తెచ్చి మెల్లగా వదిలారు. తల వైపు ఒక మూల, కాళ్ళ వైపు దాని ఎదురుమూల మట్టికి తట్టుకుని పెట్టె గుంత మొదట్లోనే ఆగిపోయింది. తవ్వినవాళ్ళు మూర వేసి చూశారు. పొడవు సరిపోయింది, వెడల్పూ సరిపోయింది. మరి ఎందుకు దిగదో వాళ్ళకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నవ్వు కూడా వచ్చింది. కండువా అడ్డం పెట్టుకున్నాను. నేను ఏడుస్తున్నాననుకుని పక్కనున్న ఆడమనిషి నీళ్ళ చెంబు అందించింది. తాగాను.

ఆ గుంత దగ్గర తరువాత జరిగింది చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే అంతకుముందు ఆయనెలాంటి మనిషో, ఆయన పగ ఎలాంటిదో మీకు తెలియాలి.

ఆయన ఆరున్నర అడుగుల మనిషి. మా బడి తలుపులో దూరాలంటే నడుము వంచాల్సిందే. గొంతు విప్పితే పెన్న అవతలి గట్టున గొర్రెలు బెదిరేవి.

ఆగండి. ఈ మాట రాస్తుండగానే ఆయన చేతిలోని అగ్గిపెట్టె నాకు కనిపిస్తోంది. ఆయన నా భుజం దాకా వచ్చేవాడు. నేనే పొట్టి. గొంతు సంగతి అసలు చెప్పుకోవలసిందే లేదు, వెనక బెంచీకి వినపడేది కాదు.

అగ్గిపెట్టె సంగతి చెప్పాలి. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఖాళీ అగ్గిపెట్టె ఉండేది. లోపలి అరను పారేసి పై డొల్ల ఒక్కటే ఉంచుకునేవాడు. ఎదుటి మనిషి అబద్ధం చెబుతున్నాడని తోస్తే నోటితో ఏమీ అనేవాడు కాదు. ఆ డొల్లను తీసి దాని ఎదురుమూలలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఐమూలగా నొక్కేవాడు. నిటారుగా ఉన్నది కాస్తా ఒక పక్కకు వాలిపోయేది. అప్పుడు అనేవాడు, "పక్కలన్నీ అట్లే ఉండాయి. రూపమే పోయినాది."

నేను ఆయన పక్క గదిలో తెలుగు చెప్పేవాణ్ణి. మా బడిలో ఆ డొల్ల అందరికంటే ఎక్కువసార్లు వాలింది నా మాటలకే. ఇప్పటికీ ఒక ముక్క పెంచి చెప్పగానే కళ్ళముందు డొల్ల వాలుతుంది. వెంటనే దిద్దుకుంటాను. ఆయన నాకు నేర్పిన లెక్క అదొక్కటే.

తొంభైల చివర్లో ఆయన మా ఊరి బడికి వచ్చాడు. మిగతా లెక్కల మాస్టర్లు చతుర్భుజాల పాఠాన్ని వారంలో ముగించేవారు. ఆయన దాన్ని పట్టుకుంటే వదిలేవాడు కాదు. "త్రిభుజానికి బుద్ధి ఉండాది సారూ. మూడు కట్టెలు కడితే నిలబడ్తాది. నాలుగు కట్టెలు కట్టి చూడు, ఎవడు నూకితే వాని పక్కకు వంగుతాది. మన ఊరు మాదిరి" అనేవాడు.

మొదటి నెలలోనే నా గదికి వచ్చి అడిగాడు. "తెలుగు సారూ, ఒక మూల నుంచి ఎదురుమూలకు గీసే గీతను పుస్తకంలో కర్ణం అంటారు. ఈ పిల్లోళ్ళ ఇండ్లల్లో ఏమంటారు?"

"ఐమూల అంటారు. మంచానికి నులక అల్లేటప్పుడు వినలేదా?"

"విన్యాను. నిర్ధారణకు అడిగినా." ఆ రోజు నుంచి ఆ బడిలో కర్ణం పరీక్ష కాగితాల్లోనే ఉండేది. తరగతిలో ఐమూల.

ఆయన ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రూపం ఇచ్చేవాడు. ఒకడు సమలంబం, ఒకడు సమాంతర చతుర్భుజం, ఇంకొకడు సమచతుర్భుజం, ఒకతె దీర్ఘచతురస్రం. చివరి బెంచీలో రెండు జడల పాప ఒకతె చతురస్రం. ఒక్కొక్క గుణం చెప్పేవాడు, అది ఉన్నవాళ్ళు లేచి నిలబడాలి, లేనివాళ్ళు కూర్చోవాలి.

"ఒక్క జత పక్కలన్నా సమాంతరంగా ఉండేవాళ్ళు." అందరూ లేచేవారు.

"రెండు జతలూ సమాంతరంగా ఉండేవాళ్ళు." సమలంబం పిల్లవాడు హాయిగా కూర్చునేవాడు. ఆ రోజుకు వాడి పని అయిపోయినట్టే.

"నాలుగు పక్కలూ సమానంగా ఉండేవాళ్ళు." దీర్ఘచతురస్రం కూర్చునేది. "ఐమూలలు రెండూ సమానంగా ఉండేవాళ్ళు." అది మళ్ళీ లేచేది, సమచతుర్భుజం కూర్చునేవాడు. ఇలా ఒకరు లేస్తుంటే ఒకరు కూర్చుంటుంటే రెండు జడల పాపకు మాత్రం కూర్చునే యోగం లేదు.

"సార్, అన్నిటికీ నేనే నిలబడాల్నా? కాళ్ళు నొస్తాండాయి."

"గుణాలు ఎక్కువుండేవాళ్ళకు పని ఎక్కువ పాపా."

"నన్ను సమలంబం చేయండి సార్."

"అది వాళ్ళ నాయన ఆస్తి, ఇయ్యడు" అనేవాడు సమలంబం పిల్లవాణ్ణి చూపించి. తరగతి నవ్వితే నా గదిలో పద్యం ఆగిపోయేది.

ఒక శెనక్కాయ పెరికే కాలంలో, ఆ ఆట సగంలో ఉండగా కాంట్రాక్టరు వచ్చాడు.

బడి స్థలం కాంట్రాక్టరు తండ్రి ఇచ్చింది. రోడ్డు వెంబడి ఇంత, లోపలికి ఇంత అని ఊరందరి ముందూ కొలిచి ఇచ్చిన మంచి మనిషి. కొడుక్కు తండ్రి భూములు వచ్చాయి, మంచితనం రాలేదు. మండలంలో రోడ్లూ కల్వర్టులూ ఆయనే కట్టేవాడు. బడికి పడమటి పక్క ఆయన చేను. అందరినీ పేరు పెట్టి పిలుస్తాడు, నన్ను 'సారూ' అంటాడు. లెక్కల సారును మాత్రం 'అబ్బీ' అనేవాడు. పక్క ఊరి కూలిమనిషి కొడుకు కుర్చీలో కూర్చుంటే కొందరికి కుర్చీ కనపడుతుంది, మనిషి కనపడడు.

వాకిట్లో నిలబడి, "ఏమబ్బీ, ఏం గీస్తాండావు?" అన్నాడు.

"చతుర్భుజాలు అన్నా."

"అంటే?"

"నాలుగు పక్కలుండే బొమ్మలు."

"మీ నాయన మా కళ్ళంలో చేట పట్టుకోని నిలబడేటోడు. ఈ బొమ్మలేవీ తెలీకుండానే గింజ పోకుండా కొర్రలు చెరిగినాడు. వీళ్ళకు ఇవి యాల?"

అంటూనే లోపలికి వచ్చాడు. భుజం మీది టవలు తీసి నల్లబల్లను ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచేశాడు. టవలును దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "పదండిరా, చేన్లో మనుషులు చాల్లేదు. మాపటికి గుగ్గిళ్ళు పెట్టిస్తా" అన్నాడు.

పిల్లలు సారు వైపు చూశారు. సారు చేతిలో సుద్దముక్క ఉంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి పోయారు. అప్పటికే నిలబడి ఉన్న చతురస్రం పాప ఒక్కతే మిగిలింది. ఆమె అడిగింది, "సార్, నేను కూచోనా?"

"వద్దు పాపా. ఇంకొన్ని గుణాలు మిగిలినాయి" అన్నాడాయన.

నేను ఆ క్షణంలో పరుగెత్తుకుంటూ పోయి కాంట్రాక్టరు చొక్కా పట్టుకుని నిలదీశాను.

లేదు. డొల్ల వాలింది. నేను నా గదిలోనే ఉన్నాను. పిల్లల చేత పద్యాన్ని మామూలు కన్నా గట్టిగా చెప్పించాను, ఆ మాటలు నాకు వినపడకుండా.

సాయంత్రం బస్సు కోసం నడుస్తూ అడిగాను, "ఏం చేస్తావు సారూ?"

"చర్చి ఉండాది గదా. ఆదివారం మాఫీ చేస్తా."

"అంతేనా?"

"సోమవారం బడి గూడా ఉండాది గదా" అన్నాడు.

మా సీమలో పగ అనగానే బయటివాళ్ళకు కొడవళ్ళూ బాంబులూ గుర్తొస్తాయి. అవి చేతకానివాళ్ళ పనులని నేను ఆయన్ని చూశాకే తెలుసుకున్నాను. ఆయన ఆ టవలును మరిచిపోలేదు. మరిచిపోనట్టు కనపడనూ లేదు. అదే నన్ను భయపెట్టింది.

ఆ మరుసటి ఎండాకాలం బడికి ప్రహరీ గోడ మంజూరైంది. కట్టేది ఎవరు, కాంట్రాక్టరే. దానికి ముందే ఇంకో సంగతి జరిగింది. బడి బావి ఎండిపోయి ఏళ్ళయింది. ఊళ్ళో బావులన్నిటిదీ అదే గతి. పిల్లలు సీసాల్లో నీళ్ళు తెచ్చుకునేవారు, మధ్యాహ్నానికి అయిపోయేవి. బడికి బోరు వేయాలని హెడ్మాస్టరు నీళ్ళు చూసే మనిషిని పిలిపించాడు. అతడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని స్థలమంతా తిరిగాడు. వాయవ్యం మూలకు రాగానే టెంకాయ నిట్టనిలువుగా లేచింది. అక్కడ సున్నం పూసిన రాయి పాతారు. అది బడి మూల, కాంట్రాక్టరు చేను గెనుము గట్టు పక్కన.

సెలవులు ముగిసి బడికి పోయేసరికి గోడ లేచి ఉంది. ఎప్పటినుంచో హద్దుగా ఉన్న కంప తీసేశారు. సున్నపురాయి గోడకు అవతల, కాంట్రాక్టరు చేన్లో ఉంది.

హెడ్మాస్టరు ఊరి పెద్దల్ని పిలిచాడు. కాంట్రాక్టరు మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "కొలుచుకోండి. మా నాయన ఇచ్చిన కొలతలో జానెడు తగ్గినా మీసం తీయించుకుంటా" అన్నాడు. మండలం ఇంజనీరు టేపు పట్టించి నాలుగు పక్కలూ కొలిచాడు. రోడ్డు పక్క సరిపోయింది. వెనక పక్క సరిపోయింది. రెండు నిలువు పక్కలూ సరిపోయాయి. తూర్పున గోడ అక్కడి ఎండిన వంక గట్టు మీదికి పాకిన మాట నిజమే కానీ, వంక ఎవరి సొత్తూ కాదు గనుక దాన్ని ఎవరూ అడగలేదు.

కొలత సరిగానే ఉంది, రాయి మాత్రం బయట ఉంది. పెద్దలు చాలాసేపు ఆలోచించారు. రాయిని పిల్లలు జరిపి ఉంటారని ఒకాయన అన్నాడు. మళ్ళీ టెంకాయ పట్టించారు. ఆ రాయి దగ్గరే లేచింది. అప్పుడు పెద్దలు తీర్పు చెప్పారు, నీళ్ళే జరిగాయని. భూమి లోపల పాయలు అలా కదులుతుంటాయట. వాటిని ఎవరేం చేస్తారు. అందరూ కాంట్రాక్టరు అదృష్టానికి తల ఊపి వెళ్ళిపోయారు.

లెక్కల సారు రోడ్డు మూలన నిలబడి గోడను ఒకసారి చూశాడు. జేబులోంచి డొల్ల తీసి ఐమూలగా నొక్కాడు. నేను చూశాను. నాకు అప్పటికీ బుర్రకెక్కలేదు.

"పక్కలు అందరూ కొలుస్తారు సారూ" అన్నాడు. "ఐమూల ఎవడు కొలుస్తాడు?"

"అయితే ఇప్పుడే చెప్పు. పెద్దలింకా దారిలోనే ఉన్నారు."

"నేను చెప్తే కూలోని కొడుకు చెప్పినట్టయితాది. ప్రారంభోత్సవం రానీ."

ఆ నెలంతా ఆయన చతుర్భుజాలు తప్ప ఇంకేమీ చెప్పలేదు. పిల్లల చేత ఇళ్ళల్లో ఉన్న చేదతాళ్ళు తెప్పించాడు. బావులు ఎండినాక ప్రతి ఇంట్లోనూ ఒక చేదతాడు చూరుకు వేలాడుతూ ఉండేది, ఎవరికీ పనికిరాకుండా. అవన్నీ ముళ్ళు వేసి ఒకటే తాడు చేశాడు. నేను అది మా ఊరి నుంచి పామిడి దాకా వస్తుందని అందరికీ చెప్పాను. బడి స్థలం ఐమూలకు సరిపోయేంత, అంతే.

ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు. ఇంజనీరు వచ్చాడు. కాంట్రాక్టరు తెల్లబట్టలు వేసుకుని, ఇస్త్రీ చేసిన టవలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. నల్లబల్లను బయటికి తెచ్చి ఆయన పేరుతో స్వాగతం రాశారు. దండలయ్యాక లెక్కల సారు లేచి, పిల్లలు ఒక ఆట చూపిస్తారన్నాడు.

నలుగురు పిల్లలు చిన్న తాడుకు నాలుగు మూలలుగా నిలబడ్డారు. సారు ఇద్దరిని మెల్లగా పక్కకు జరిపాడు. నిలువుగా ఉన్న ఆకారం వాలింది.

"తాడు పెరిగినాదా?"

"లేదు సార్."

"తగ్గినాదా?"

"లేదు సార్."

"మరి ఏం మారినాయి?"

"ఐమూలలు సార్."

ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. అందరికంటే గట్టిగా కాంట్రాక్టరు కొట్టాడు. సారు చేతులు కట్టుకుని ఆయన ముందుకు వెళ్ళాడు. "అన్నా, ఇంత మంచి గోడ కట్టించినారు. దీని ఐమూలలు మీ చేతి మీదుగానే కొలిపిస్తే పిల్లోళ్ళకు జన్మంతా గుర్తుంటాది."

కాంట్రాక్టరు ఉబ్బిపోయాడు. తాడు కొస అందుకున్నాడు. ఇంకో కొస చతురస్రం పాప పట్టుకుని నైరుతి మూలన నిలబడింది. కాంట్రాక్టరు నడుచుకుంటూ ఈశాన్యం మూలకు, వంక గట్టు దాకా పోయాడు. తాడు బిగిసింది. ఆయన చేయి ఉన్నచోట సారు ముడి వేశాడు.

"ఇప్పుడు రెండో ఐమూల అన్నా."

పాప ఆగ్నేయం మూలకు పోయింది. కాంట్రాక్టరు ముడి పట్టుకుని వాయవ్యం మూలకు, సున్నపురాయి పక్క గోడకు చేరాడు. తాడు బిగియలేదు. మధ్యలో నేలకు వేలాడింది.

"లాగండి అన్నా."

ఆయన లాగాడు. తాడు వస్తూనే ఉంది. చేతి మీద చుట్టుకున్నాడు, కింద వేశాడు, మళ్ళీ లాగాడు. ఆయన కాళ్ళ దగ్గర తాడు గడ్డివామంత పోగయింది. వామంత కాదు లెండి. దాదాపు రెండు బారలు. కానీ ఆ రెండు బారల తాడూ, అది పట్టుకున్న చేయీ ఊరందరికీ కనిపించాయి.

"పాపా, నువ్వు తాడు వదిలినావా?" అని కేక వేశాడు సారు.

"లేదు సార్, మూలకే ఉండా. ఆ పక్కే మిగిలినాది."

"ఐమూలలు సమానం కాలేదంటే ఇది దీర్ఘచతురస్రం ఇంటి మనిషేనా?"

"కాదు సార్."

"మరి ఎవరింటి మనిషి?"

"సమాంతర చతుర్భుజం సార్."

"సక్కంగా నిలబడాలంటే ఏం చేయాల?"

బడి మొత్తం పడమటికి చేతులు చాపింది. "ఆ మూలను ఆ పక్కకు నూకాల సార్." అన్ని చేతులూ గోడ మీదుగా సున్నపురాయిని చూపిస్తున్నాయి. ఇంజనీరు లేచి నిలబడ్డాడు.

కాంట్రాక్టరు తాడు వదిలేసి షామియానా దగ్గరికి వచ్చాడు. "మేస్త్రీలు తప్పు చేసింటారు. నాకేం తెలుసు" అన్నాడు.

సారు జేబులోంచి డొల్ల తీశాడు. కాంట్రాక్టరు కళ్ళముందు పెట్టి మెల్లగా నొక్కాడు. అది వాలుతుంటే కాంట్రాక్టరు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తరువాత సారు ఎంతో మర్యాదగా అడిగాడు, "అన్నా, మీ టవలు ఒకసారి ఇస్తారా?"

ఇవ్వకపోతే ఏమవుతుందో తెలియక ఇచ్చేశాడు. సారు ఆ టవలుతో నల్లబల్ల మీద ఆయన పేరును ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచాడు. సుద్దతో తెల్లబడిన టవలును మూలకు మూల కలిపి మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

కాంట్రాక్టరు అక్కడే మూర్ఛపోయాడు. పోలేదు, కుర్చీలో కూర్చున్నాడు. కానీ పోయి ఉంటే నాకు ఇంకా బాగుండేది.

ఇంజనీరు సంతకం పెట్టలేదు. పడమటి గోడా, వెనక గోడా, తూర్పు గోడా పడగొట్టి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. అవి లేచేలోపే లెక్కల సారుకు బదిలీ వచ్చింది, గుమ్మఘట్టకు. ఎవరు చేయించారో అందరికీ తెలుసు. చతురస్రం పాప ఏడ్చింది. ఆయన ఏడవలేదు. "నన్ను ఆ పక్కకు నూకినారు. నా ఐమూల మారలేదు గదా" అని బస్సెక్కాడు.

బోరు వేశారు. నీళ్ళు ఏనుగు తొండం లావున ఎగిరిపడ్డాయి. నాలుగు బిందెలు నిండితే కాసేపు ఆగి మళ్ళీ వచ్చేవి, నిజం చెప్పాలంటే. అయినా కరువు ముదిరిన ఏడు కాంట్రాక్టరు చేన్లో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కితే, ఆయన ఇంటి ఆడవాళ్ళు బిందెలతో బడికే వచ్చారు. పిల్లలు వరసలో నిలబెట్టారు. నేను కిటికీలోంచి తనివితీరా చూశాను.

అసలు దెబ్బ అది కూడా కాదు. ప్రారంభోత్సవం మరుసటి రోజు నుంచి ఊళ్ళో కాంట్రాక్టరు పేరు మారిపోయింది. ఐమూలాయన. ఆయన చేను ఐమూలాయన చేను. ఆయన ఇల్లు ఐమూలోళ్ళ ఇల్లు. పామిడి నుంచి వచ్చే ఆటోవాళ్ళు కూడా "ఐమూలోళ్ళ వాకిట్లో దింపమంటావా?" అని అడిగేవారు. ఆ తరువాత ఆయన నిలబడిన ఎన్నికలో గోడల మీద అసలు పేరు రాయిస్తే, ఇదెవరప్పా అని ముసలివాళ్ళు అడిగారు.

నేను గుమ్మఘట్టకు పోయి ఈ సంగతులన్నీ సారుకు చెప్పాను. అక్కడ సగం కన్నడంలో పాఠం నడుస్తోంది. చెట్టు కింద పిల్లలు లేస్తూ కూర్చుంటూ ఉన్నారు, ఒక పిల్లవాడు మాత్రం నిలబడే ఉన్నాడు. చతురస్రం వాడేనని నాకు తెలిసిపోయింది.

ఐమూలాయన అన్న పేరు విని ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఎవరు పెట్టినారు సారూ?"

"ఊరే పెట్టింది" అన్నాను. ఆయన చేయి జేబులోకి పోయింది. "సరే, నేనే పెట్టాను. సాయంత్రం అంగడి దగ్గర ఒక్కసారి అన్నాను. మిగతాది ఊరు చూసుకుంది."

"ఆయప్ప టవలు ఉతికించినాడా?"

"ఇంకా మాఫీ చేయలేదా సారూ? ఎన్ని ఆదివారాలు పోయాయి."

"చేస్తానే ఉండా సారూ. మళ్ళా సోమవారం వస్తాండాది."

రిటైరయ్యాక పామిడిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పునాదికి ముగ్గు పోసిన రోజు నన్ను పిలిచి తాడు పట్టించాడు. ఆ ఇంట్లోనే ఒక తెల్లవారుజామున పోయాడు. జేబులో ఉన్న డొల్లను ఆయన భార్య నా చేతిలో పెట్టింది. "మీకే ఎక్కువ పనికొస్తాదని అనేటోడు అన్నా" అంది.

ఇక గుంత దగ్గరికి వస్తాను.

పెట్టె దిగక అందరూ తలో మాటా అంటున్నారు. ఇంకో జానెడు పొడుగు తవ్వమని ఒకరు, పెట్టెను నిలువుగా దించమని ఒకరు. వెనక నుంచి కర్ర చప్పుడు వినిపించింది.

"ఐమూల కొలిచినారా?" అన్నాడు ఆ వచ్చిన మనిషి.

కాంట్రాక్టరు. మనిషి సగమైపోయాడు. మీసం తెల్లబడింది. భుజం మీద టవలు మాత్రం ఉంది. ఎవరూ పిలవకుండానే వచ్చాడు. గుంతలో ఉన్నవాళ్ళు అర్థం కాక చూశారు. ఆయన కర్ర పక్కన పెట్టి, ఒక మోకు కొస తీసుకుని, రెండో కొస నాకు చాపాడు. నేను పట్టుకున్నాను. ఇద్దరు ముసలివాళ్ళం గుంతకు ఇటొకరం అటొకరం వంగి మొదటి ఐమూల కొలిచాం. తరువాత మూలలు మారి రెండోది కొలిచాం. ఆయన చేతిలో తాడు మిగిలింది.

"ఆ మూల తీయండి, దాని ఎదురుమూల తీయండి. పొడుగు ముట్టొద్దండి" అన్నాడు. తవ్వారు. పెట్టె అగ్గిపెట్టెలో అర దూరినట్టు దిగిపోయింది.

ఆ బడిలో ఆ పాఠం ఆయనకు వంటబట్టినంత బాగా ఇంకెవరికీ వంటబట్టలేదు.

మట్టి వేశాక ఆయన నన్ను కంపచెట్టు నీడకు తీసుకుపోయాడు. "సారూ, నాకు యాడ చూసినా ఐమూలలే కనపడ్తాండాయి. పండుకుంటే ఇంటి కప్పు మూలలు చూస్తా. మంచం చూస్తే మూలలు. ఈ వయసులో నాకెందుకప్పా ఈ లెక్క."

నేను కండువాతో చేతుల మట్టి దులుపుకున్నాను.

"ఒక మాట అడగాలని వచ్చినా. నేను గూడా ఎంతో కాలం ఉండను. చచ్చినాక ఐమూలాయన పోయినాడు అంటారు. మా నాయన పెట్టిన పేరు ఒకటుండాది నాకు. ఆ పేరుతో పోవల్ల. ఊరు మీ మాట వింటాది. ఇంక ఆ పేరు అనొద్దని చెప్పండి. సారు పోయినాడు, పగ గూడా ఆయన్తో పోవల్ల గదా."

ఒక్క క్షణం నాకు జాలి కలిగింది. ఇది పెంచి చెప్పడం కాదు. చెబుదామనే నోరు తెరిచాను కూడా. అప్పుడాయన ఇంకో మాట అన్నాడు.

"నేను ఆయన్ను ఏ పొద్దన్నా తక్కువ చేసినానా? సారూ అనే గదా పిలిచినా."

నా చేయి జేబులోకి పోయింది. డొల్ల తీసి ఆయన కళ్ళముందు పెట్టి నొక్కాను. అది మెత్తబడిపోయి ఉంది, ముట్టుకోగానే వాలింది.

ఆయన దాన్ని గుర్తుపట్టాడు.

అక్కడ ఆయన వెక్కివెక్కి ఏడ్చాడని రాద్దామనుకున్నాను. ఏడవలేదు. భుజం మీది టవలును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు, ఎవరైనా అడుగుతారేమో అన్నట్టు.